ముందు తినేదెవరు?

వార్డెనమ్మ పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. నేను బ్యాంకు కౌంటర్లో ఉన్నాను. ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడిన పెద్దాయన పాస్‌బుక్కు తీసి పక్కావిడ చేతిలో పెట్టాను. అప్పటికి కళ్లలో నీళ్లేమీ రాలేదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి వంకాయ కూర కలుపుకుంటుంటే వచ్చాయి. ఆమె పక్కన ఉంటే ఆ కూర ముందు ఒక చెంచాడు తాను నోట్లో వేసుకుని, పైకప్పు వైపు చూసి, కాసేపు ఆలోచించి, అప్పుడు గానీ నన్ను తిననిచ్చేది కాదు.

నంద్యాలలో పనిచేసినప్పుడు ఆమె ఇంటి పైభాగంలో నేను అద్దెకుండేదాన్ని. మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఆమె పేరు గేటు మీద రాసే ఉండేది గానీ ఆ పేరుతో పిలిచిన వాళ్లను నేను చూడలేదు. కూరగాయల బండాయనకూ పాస్టరుగారికీ కూడా ఆమె వార్డెనమ్మే. నేను అమ్మా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది. అప్పటికే నా తల సగం తెల్లబడింది, ఆ సంగతి ఆమె పట్టించుకునేది కాదు.

పొట్టి మనిషి. సన్నంచు తెల్లచీర, ఎడమ చేతికి మగవాళ్ల వాచీ. చేతిసంచిలో బైబిలు, తాళాల గుత్తి, రుమాలులో చుట్టిన స్టీలు చెంచా ఉండేవి. ఎవరింటికి పెళ్లికి పోయినా పెళ్లికూతుర్ని తర్వాత చూసేది. ముందు పందిరి వెనక్కి వెళ్లి పొయ్యిల దగ్గర నిలబడేది.

"ముందు తినేదెవరప్పా?" అని వంటమాస్టరును అడిగేది.

వాళ్లు నవ్వేవాళ్లు. కొత్తవాళ్లయితే కోపగించుకునేవాళ్లు. ఆమెకు రెండూ ఒకటే. "ఎవరూ లేరా? సరే, నేనుండా గదా" అని రుమాలు విప్పి చెంచా తీసేది. ఒకసారి బస్టాండు హోటల్లో సర్వరు కుర్రాడిని పట్టుకుని, మీ సేటు ఈ చట్నీ పొద్దున తిన్నాడా లేదా అని నిలదీసింది. నేను సిగ్గుతో మెనూ బోర్డు చదువుతున్నట్టు నటించాను.

బయటికొచ్చాక, ఏందమ్మా ఈ చాదస్తం అని విసుక్కున్నాను.

"చాదస్తమంటే చాదస్తమే అనుకో పాపా. పిల్లోళ్లు మనల్ని నమ్మి తింటాండారు. పాచిందేదో మంచిదేదో వాళ్లకేం తెలుసు? పెద్దోళ్లు ముందు తినాల. వాళ్లకేమీ కాకుంటే అప్పుడు పిల్లోళ్లకు పెట్టాల. నా ఉద్యోగమంతా ఇంతే."

నిజంగానే ఆమె ఉద్యోగమంతా అంతేనట. హాస్టల్లో పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు. ఆమె వాళ్ల ముందు నిలబడి అన్నం ఒక ముద్ద, పప్పు ఒక ముద్ద, ఆ రోజు కూర ఉంటే కూర ఒక ముద్ద తినేది. వెంటనే తల ఊపేది కాదు. పిల్లలంతా ఆమె గొంతు వైపే చూస్తుండేవాళ్లు. మింగి, కాసేపు ఆగి, తల ఊపితే అప్పుడు గరిటె కదిలేది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె లేచి నిలబడి, లేని ముద్ద నమిలి, మింగి, తల ఊపి చూపించేది. చూస్తున్న నాకే ఆకలేసేది.

ఇక పిల్లులు. నాకు పిల్లులంటే పడదు. ఆరేసిన చీరల మీద వెంట్రుకలు, మెట్ల మీద తుమ్ములు, అన్నీ వాటి వల్లే. ఆమెకు మూడుండేవి. వాటికి తిండి పేర్లు పెట్టింది. పసుపు రంగు మగపిల్లి ఉగ్గాని. తెల్లటి ఒంటితో కంటి దగ్గర నల్లమచ్చ ఉన్నది అలసంద. ముదురు గోధుమరంగులో, గుండ్రంగా, ఎక్కడ పెడితే అక్కడే ఉండేది సంగటి. ముగ్గురిలో ఆమెకు ప్రాణం సంగటే. "నీకు సంగటి అంటేనే ఎందుకమ్మా అంత?" అంటే, "అది నా మాట వింటాది. మిగతా రెండూ హాస్టల్ పిల్లోళ్ల మాదిరి నటిస్తాయి" అనేది.

మొదట్లో వాటికి చేపలు ఉడకబెట్టి అన్నంలో పిసికి పెట్టేది. మోకాళ్లు పట్టేశాక మార్కెట్టుకు పోవడం కష్టమై ప్యాకెట్ తిండికి దిగింది. అందరూ క్యాట్ ఫుడ్డు అంటారు, ఆమె కంపెనీ గింజలు అనేది. ఆళ్లగడ్డలో తమ్ముడింట్లో పిల్లి అవే తింటుందని విని అదే కంపెనీవి తెప్పించుకుంది. పళ్లెంలో పోసి, ఒక గింజ తీసి తన నోట్లో వేసుకుని కరకర నమిలింది.

"ఎట్లుందమ్మా?"

"కరకరమంటాంది."

"రుచి ఎట్లుందంటున్నా."

"గట్టిగ ఉంది, పాతది కాదు" అని పైకప్పు వైపు చూసి తల ఊపింది. మూడు పిల్లులూ అప్పుడు ముందుకొచ్చాయి. అవి కూడా ఆమె గొంతు వైపు చూస్తున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

మా వీధి చివర భాయ్ దుకాణం ఉండేది. అంతకుముందు విత్తనాలు అమ్మేవాడు. ఆ వ్యాపారం పెద్దవాళ్ల చేతుల్లోకి పోయాక కోళ్ల దాణా, పావురాల గింజలు, కుక్కల బిస్కెట్లు పెట్టుకున్నాడు. ప్యాకెట్లెందుకక్కా, పెద్ద మూట విప్పి లూజుగా పోసిస్తా, నీకూ కలిసొస్తాది అని ఆమెను ఒప్పించాడు. వీధిలో పిల్లులున్న వాళ్లంతా అక్కడే కొనడం మొదలుపెట్టారు.

వానలు తగ్గుతున్న రోజుల్లో సంగటికి జబ్బు చేసింది. కక్కుకుంది. నోటి నుంచి చొంగ, కాళ్లలో వణుకు. కుట్టుమిషను కింద దూరి కూర్చుంది. నేను బ్యాంకుకు పోతూ మెట్ల మీద నుంచి చూస్తే, ఆమె నేల మీద కాళ్లు చాపుకుని దాని ఎదురుగా కూర్చుని ఉంది. పళ్లెం జరిపితే సంగటి వాసన చూసి వెనక్కి జరిగింది. ఆమె ఒక గింజ తీసి నమిలి, నోరు తెరిచి చూపించింది.

"చూడు, నేను తిన్యా. ఏం కాలే. తిను నాయనా, బలం రావల్ల."

సంగటి ఆమె ముఖంలోకి చూసింది. ముందుకొచ్చి తినింది.

పశువుల ఆస్పత్రి డాక్టరు మంచివాడే, బర్రెలు మేకల మధ్య దీన్ని కూడా శ్రద్ధగా చూశాడు. విషం తిన్న ఎలుకను తిని ఉంటుందని ఇంజెక్షను ఇచ్చాడు. వార్డెనమ్మ ఒప్పుకోలేదు. "నా సంగటి ఎలుకను పట్టేది యాడిదప్పా. ఎలుక ఎదురొస్తే పక్కకు జరిగి దారిస్తాది" అంది. డాక్టరు నవ్వాడు. ఆ వారంలోనే సంగటి చచ్చిపోయింది. పెరట్లో దానిమ్మ చెట్టు కింద పూడ్చి, ఆమె చిన్న ప్రార్థన చేసింది. నేనూ తల వంచుకుని నిలబడ్డాను. ఆ తర్వాత అలసంద కక్కడం మొదలుపెట్టింది.

అప్పుడు పట్టుకుంది ఆమెకు ఆ పిచ్చి. పిచ్చి అనే అంటాను, ఇంకో మాట లేదు. వీధిలో పిల్లులున్న ప్రతి ఇంటికీ వెళ్లి గుమ్మంలో కూర్చుంది. మీ పిల్లి ఏం తింటాంది, ఎప్పుడు కక్కింది, యాడ కొంటాండారు. టైలరింట్లో పిల్లి కక్కుతోంది. లెక్చరరుగారింట్లో రెండూ కక్కుతున్నాయి. అందరూ భాయ్ దగ్గర గింజలే. తన ఉగ్గాని మాత్రం ఎగిరి దూకుతోంది. వాడు కొన్నాళ్లుగా ఇంట్లో తినడం మానేశాడు, చికెన్ అంగడి దగ్గర పెద్దమనిషిలా కూర్చుని అక్కడే కానిచ్చుకుని వస్తాడు.

"గింజల్లోనే ఉంది పాపా" అని తేల్చింది. "కంపెనీవోళ్లు ఏందో కలిపినారు."

భాయ్ దుకాణంలో మూట మీద ఉన్న నంబరుకు నా ఫోన్ నుంచి చేయించింది. అవతల ఒక అమ్మాయి తియ్యగా, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు చెప్పండి మేడమ్ అంది. లూజుగా కొన్నామని నేను చెప్పబోతుంటే ఫోన్ లాక్కుంది.

"నంబరు తర్వాత చెప్తా గాని పాపా, మీ కంపెనీలో ఇవి ముందు తినేదెవరు?"

ఆ అమ్మాయి సారీ మేడమ్, అర్థం కాలేదు అంది.

"పిల్లులకు పెట్టకముందు మీలో ఎవరన్నా తింటారా లేదా అని అడుగుతాండా. నువ్వు తినినావా ఎప్పుడన్నా?"

లైను కట్టయింది. "చూడు, ఎవరూ తినరు" అని నాకు ఫోన్ ఇచ్చేసింది, కేసు గెలిచినట్టు. పశువుల డాక్టరు గింజలను ల్యాబుకు పంపుదామన్నాడు గానీ, అవి వేరే ఊరికి పోయి ఫలితం వచ్చేదాకా అలసంద ఉండాలి గదా అని ఆమె ఆగలేదు. ఆ గింజలు కొనొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. భాయ్ దగ్గర బేరం పడిపోయింది. "నేనేం చేస్తినక్కా, మూటలో వచ్చింది వచ్చినట్టే అమ్ముతాండా" అని అతను ఒకసారి అన్నాడు. తర్వాత ఆమె కనిపిస్తే లోపలికి పోయేవాడు.

అంతా తేలిపోయిందనుకున్నాక తమ్ముడు ఫోన్లో ఒక మాట అన్నాడు. తన పిల్లి అవే గింజలు రోజూ తిని దుక్కలా ఉందని. ఆమెకు అన్నం సహించలేదు. "అదెట్ల పాపా? అదే కంపెనీ, అవే గింజలు. ఆడ బాగుండి ఈడ చస్తాయా?" నాకూ అదే ప్రశ్న పట్టుకుంది. పిల్లులంటే పడని దాన్ని, ఆదివారం చర్చి కాగానే ఆమెతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. చేతిసంచిలో బైబిలు పక్కన, ముడివేసిన కవరులో భాయ్ గింజలు.

తమ్ముడి ఇల్లు రాతి శిల్పులు పనిచేసే చోటికి ఆనుకుని ఉంటుంది. ఉలుల చప్పుడు ఆగదు. ఆయన పిల్లి సగం చెక్కిన నంది వీపు మీద పడుకుని ఉంది, ఒళ్లంతా రాతిదుమ్ము, ఏ చింతా లేదు. వార్డెనమ్మ దాని కళ్లు, చిగుళ్లు చూసింది. వసారాలో రెండు కాగితాలు పరిచి, ఒకదాని మీద తమ్ముడి ప్యాకెట్ విప్పి పోసింది, ఇంకోదాని మీద మనవి. రంగు ఒకటే, ఆకారం ఒకటే. ఇందులో ఒకటి తినింది. అందులో ఒకటి తినింది. పైకప్పు వైపు చూసింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు చూసింది.

"పాపా, నువ్వు వాసన చూడు."

"నువ్వు చూశావు గదమ్మా."

"చూడమంటాండా గదా."

వంగి చూశాను. తమ్ముడి గింజలు ఎండుచేపల వాసన. మన గింజల దగ్గరికి ముక్కు పోగానే వెనక్కి వచ్చేశాను. పగిడ్యాల దగ్గర మాకు చేను ఉండేది. మందు పట్టించిన విత్తనాలను మా నాయన ఒక గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు, పిల్లలెవరూ అటు పోకూడదు. ఆ గది వాసన ఇది.

"ఇది మందు వాసనమ్మా. పొలం మందు."

తమ్ముడూ చూశాడు. "అవునక్కా. ఈడికే వస్తాంది. నీకు తెలీలేదా?"

ఆమె అక్కడున్న రాయి మీద కూర్చుంది. రుమాలు విప్పింది, చుట్టింది.

"నాకు తెలీదురా అబ్బోడా. ఆ జ్వరాలు వచ్చినప్పుడు అందరికీ పాయ గదా వాసన, రుచి. అందరికీ తిరిగొచ్చె. నాకు రాలే."

మరి రోజూ తిని చూస్తావే అన్నాను నేను.

"నేను తినకుంటే అవి తినవు పాపా." మా గింజలున్న కాగితం మడిచేసింది. "సంగటి తిననని వెనక్కి పాయ. దానికి తెలిసింది. నేనే తిని చూపిచ్చి తినిపిస్తి."

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఉలుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆమె, ఈ మధ్య నాకూ కడుపులో తిప్పుతాండె, వయసు అనుకుంటి అంది. నాకు భయమేసింది. నంద్యాలలో దిగగానే మనిషి డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ముందు భాయ్ దగ్గరికి అంది.

గొడవవుతుందని నేను బిగుసుకుని ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "భాయీ, మూట విప్పినాక యాడ పోస్తాండావ్?" అని మాత్రం అడిగింది.

"చీమలు పడుతుండె అక్కా. అందరూ చీమలు చీమలంటే మూత గట్టిగుండే డ్రమ్ము తెచ్చి పెట్టినా. సబ్బేసి కడిగినా, ఎండబెట్టినా. వొట్టి డ్రమ్మేం కాదు, మంచిది."

మూలన నీలం డ్రమ్ము. విత్తనాలకు మందు పట్టించే చోట్ల నుంచి ఇలాంటివి ఖాళీ అయి బయటికి వస్తాయి. మా వైపు వాటికున్న గిరాకీ ఇత్తడి బిందెలకు లేదు. ఏ మిద్దె చూసినా నీళ్లకు ఒకటి, వడ్లకు ఒకటి. నా స్నానాల గదిలోనూ ఒకటుంది. అందులో ఏముండేదని అడిగిన వాళ్లు లేరు, మూత గట్టిదా కాదా అనే చూస్తారు. భాయ్ మూత తీసి తల లోపల పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"కడిగినప్పుడు వాసన ఉండె అక్కా. పోయిందనుకుంటి. ఈ అంగట్లో కోళ్ల దాణా వాసనలో తెలీకపాయ." తల బయటికి తీశాక అతని ముఖం మారిపోయింది. "ఇంట్లో ఇంకోటి ఉంది. నీళ్లకు." వెంటనే భార్యకు ఫోన్ చేసి, నీలం డ్రమ్ములో నీళ్లు ముట్టొద్దు, పిల్లలను ముట్టనియ్యొద్దు, పారబోయి అని చెప్పాడు. ఆమె అతని పక్కనే స్టూలు మీద కూర్చుని, అవతల నుంచి సరే అనే మాట వినిపించేదాకా లేవలేదు.

మరుసటి రోజు మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. "తప్పు కంపెనీదని చెప్తిని, అది నా పొరపాటు. భాయ్‌ను గూడా ఏమీ అనొద్దండి. ముందు మీ మిద్దె మీదికి పోయి మీ డ్రమ్ములు చూసుకోండి" అని చెప్పింది. డాక్టరు సంగతి విని, ల్యాబు లేకుండా అవునని చెప్పలేను గానీ కావచ్చు అన్నాడు. అలసందకు పొలం మందు విషానికి విరుగుడు ఇంజెక్షను ఇచ్చాడు. అది లేచి తిరిగింది. వీధిలో మిగతా పిల్లులు కూడా కక్కడం ఆపేశాయి. నాకు తెలిసిన రుజువు అంతే. మనిషి డాక్టరు కూడా ఆమెను తిట్టి, మందులిచ్చి, ఇకమీద పిల్లుల తిండి తినొద్దని చీటీ మీద రాసిచ్చాడు. అలా రాయడం తన జీవితంలో మొదటిసారట.

ఇంతటితో ఆమె కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. రోజూ మెట్ల దగ్గర నిలబడి, పాపా వాసన చూసి పో అని పళ్లెం చూపించేది. నేను బ్యాంకు చీర కట్టుకుని పిల్లి పళ్లెం మీద వంగేదాన్ని. అలసంద నా ముఖంలోకి చూసేది. కానీ ఆమెను తింటున్నది ఇంకో సంగతి. ఒకరోజు తానే చెప్పింది. "జ్వరం వచ్చినాక హాస్టల్లో ఇంకో సంవత్సరం చేస్తి. ఆ సంవత్సరమంతా ఇట్లనే తిని తలూపితి. అంతమంది ఆడపిల్లలు. ఏమన్నా అయ్యుంటే?"

ఏమీ కాలేదు గదమ్మా అన్నాను.

"సంగటికి అయ్యె గదా."

చెప్పేసి రావాలంది. ఆటోలో హాస్టలుకు వెళ్లాం. కొత్త వార్డెను మర్యాదగా కుర్చీ వేసింది. ఈమె కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. దీనమ్మ అని పాత వంటామె, చేటలో బియ్యం ఏరుతోంది. వార్డెనమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని, ఏమీ దాచకుండా, వాసన పోయిన సంగతి, పిల్లల ముందు తలూపిన సంగతి అంతా చెప్పింది. దీనమ్మ బియ్యం ఏరడం ఆపకుండా వింది.

"నాకు తెలుసు గదమ్మా" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"ఒకనాడు పప్పులో ఉప్పు మరిస్తి. నువ్వు తిని బాగుందంటివి. పిల్లోళ్లు మొకాలు మొకాలు చూసుకున్యారు. ఆపొద్దే తెలిసె."

"మరి నాకు చెప్పలేదే?"

"ఏం చెప్పేదమ్మా నీకు. ఆ మరుసటినాటి నుంచి నువ్వు రాకముందే నేను తిని చూస్తాంటి. బాగుంటేనే బయట పెడ్తాంటి. నువ్వు రిటైరై పోయేదాకా ఒక్క పూట గూడా తప్పలే."

ఆమె గుండె మీది బరువు ఇప్పుడు దిగిపోతుందని నాకు సంతోషం వేసింది. వార్డెనమ్మ ముందుకు వంగి, బియ్యం తవుడు అంటిన దీనమ్మ చెయ్యి పట్టుకుంది. కళ్లకు అద్దుకుంది.

"నా సంగటికి నీలాంటి మనిషి ఒకరు లేకపాయ దీనమ్మా" అంది.

నేను గుమ్మంలో నిలబడి, చూస్తే తుమ్ములొచ్చే ఆ పిల్లి కోసం ఏడ్చాను. సంగటి ఎవరో దీనమ్మకు తెలియదు. అడగనూ లేదు. చేట పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.